బాజీకి ఇచ్చిన మెరుపు కార్డులు

నాలుగు కార్డుల బరువు ఎంతుంటుంది? నేను తూచాను. మా ల్యాబులో దూదిపోగుల్ని తూచే త్రాసు ఉంది. ఊపిరి తగిలినా దాని అంకె మారిపోతుంది. ఆ నాలుగింటినీ దాని మీద పెడితే చెంచాడు ఉప్పంత తూగాయి, అంతే. ఆ చెంచాడు బరువును ఇన్నేళ్లు మోశాను. భోజనం దగ్గర మోశాను, బస్సులో మోశాను, బాగా నవ్వుతున్నప్పుడు కూడా మోశాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పడం తేలిక. ఇక్కడ నా పేరు రాయను. రాయాల్సిన చోట ఈ మధ్యనే రాశాను. కానీ అక్కడ జరిగిన పని మాత్రమే చెప్పగలిగాను. ఆ పని చేస్తున్నప్పుడు నా లోపల ఏం నడిచిందో చెప్పడానికి చోటు చాలలేదు. అది మీకు చెబుతాను.

నేను చిలకలూరిపేట దగ్గర హైవే పక్కన ఒక స్పిన్నింగ్ మిల్లులో పనిచేస్తాను. నూలు నాణ్యత చూసే పని. నిన్నటి నూలు ఎలా ఉందో ఇవాళ్టి నూలూ అలాగే ఉండాలి. ఒక రకం పత్తి బేళ్లు అయిపోతే, పొడవులో, సన్నదనంలో దానికి దగ్గరగా ఉన్న ఇంకో రకం చూసి కలుపుతాం. పేరు వేరు, పండిన ఊరు వేరు. చేసే పని ఒకటే అయితే చాలు. ఈ ఉద్యోగం నాకు సరిపోయిందా, నేనే దీనికి తగ్గట్టు తయారయ్యానా అని ఒక్కోసారి అనుమానం వస్తుంది. ఏం జరగబోతోందో ముందే తెలియకపోతే నేను కుదురుగా ఉండలేను. చిన్నప్పట్నుంచీ అంతే.

అలాంటివాడు కార్డుల ఆటలో ఎందుకు పడ్డాడని మీరు అడగొచ్చు. ఇది పేకాట కాదు. మా అమ్మ మొదట పేకాటే అనుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది. బొమ్మలున్న కార్డులు, ఒక్కోదానికి ఒక్కో శక్తి. అరవై కార్డులతో ఎవరి కట్ట వాళ్లు తయారుచేసుకుని ఎదురెదురుగా కూర్చుని ఆడతారు. ఒక నియమం ఉంది. ఒకే పేరున్న కార్డు నాలుగుకు మించి పెట్టుకోకూడదు. నా కట్ట మొత్తం ఒక కార్డు మీద నడిచేది. కట్టలోంచి మనకు కావాల్సిన కార్డును వెతికి చేతికి తెచ్చిపెట్టే కార్డు అది. మేం దానికి పోస్ట్‌మాన్ అని పేరు పెట్టుకున్నాం. అరవైలో నాలుగే ఉంటే ఆ పోస్ట్‌మాన్ ఒక ఆటలో వస్తాడు, ఒక ఆటలో రాడు. అదే నాకు నిద్ర పట్టనిచ్చేది కాదు.

అప్పుడు ఇంకో కార్డు కనబడింది. పేరు వేరు, బొమ్మ వేరు, పని అదే. అది కొరియర్ అయింది. నలుగురు పోస్ట్‌మాన్లకు నలుగురు కొరియర్లు తోడైతే కట్ట దాదాపు ప్రతిసారీ ఒకేలా నడుస్తుంది. మిల్లులో నేను చేసే పనే ఇది. ఆ రోజు ఎంత సంతోషించానో చెప్పలేను.

బాజీ కూడా అదే పద్ధతిలో తన కట్ట కట్టాడు. నన్ను చూసే నేర్చుకున్నాడు. బాజీ వాళ్లది పేటలో పరుపుల కొట్టు. మా మిల్లులో మిగిలిన వేస్టు దూదిని వాళ్ల నాన్న కొనేవారు, ఆయన వెంట వచ్చేవాడు బాజీ. అలా పరిచయం. ఆదివారం సాయంత్రాలు జిరాక్స్ షాపు పైగదిలో ఓ పదిమందిమి క్లబ్బులా చేరి ఆడేవాళ్లం. నేను మెట్లెక్కుతుంటేనే పైనుంచి అరిచేవాడు. "ఏం సైంటిస్టూ, ఈ వారం ఏం కనిపెట్టావ్?" ఆ క్లబ్బును నడిపే బాధ్యత అతనికే ఇవ్వాలని అప్పట్లో అందరం అనుకునేవాళ్లం. కొట్టు ముందున్న వరండాలో బల్లలు వేయిస్తానని, టీ తనదేనని చెప్పేవాడు. అందరూ ఇష్టపడే మనిషి. నన్ను ఎవరైనా అలా ఇష్టపడ్డారా? ఈ ప్రశ్న అప్పుడు వేసుకోలేదు. ఇప్పుడు వేసుకుంటున్నాను.

ఆ ఏడు వాడరేవులో పోటీ పెట్టారు. సముద్రానికి ఎదురుగా ఉన్న ఒక రిసార్టు హాల్లో. గెలిచినవాళ్లు బెంగుళూరులో జరిగే పెద్ద పోటీకి వెళ్తారు.

నా దగ్గరున్న నాలుగు కొరియర్లూ మెరుపు కార్డులు. అంటే బొమ్మ మీద పలుచటి రేకు పూత ఉంటుంది, వెలుతురులో తళతళలాడుతుంది. బాజీ దగ్గరున్నవి మామూలు అచ్చువి. మెరుపు కార్డుల్లో ఒక లోపం ఉంది. వెనకవైపు కాగితం తేమను పీల్చుకుని సాగుతుంది, ముందున్న రేకు సాగదు. దాంతో కార్డు బొమ్మవైపుకు గిన్నెలా వంగుతుంది. తేమ నా వృత్తి. చూడకుండా ఎలా ఉంటాను? మిల్లు హాల్లో నూలు తెగకుండా గాలిలో తేమ పెంచుతారు. ఆ హాలు చివర కిటికీ గట్టు మీద ఆ నాలుగు కార్డులూ పెట్టి షిఫ్టు అయ్యాక చూశాను. నూనెలో వేసిన అప్పడాల్లా లేచాయి. ప్లాస్టిక్ తొడుగుల్లో వేసి కట్టలో కలిపి పక్కనుంచి చూస్తే, అవి ఉన్న నాలుగుచోట్లా సందు కనబడుతోంది. అంటే చూడకుండానే ఏ కార్డు ఎక్కడుందో చెప్పొచ్చు. పోటీలో అది మోసం కింద లెక్క. కావాలని చేశావా, గాలి చేసిందా అని ఎవరూ అడగరు.

నాకు దారి లేక కాదు. కొరియర్లను తీసేసి ఇంకేదైనా పెట్టుకోవచ్చు. అప్పుడప్పుడూ ఓడిపోవచ్చు. నేను ఆ పని చేయలేదు. దూదిలో తేమ చూసే ఓవెన్లో వాటిని గోరువెచ్చగా ఆరబెట్టాను. రెండు ఇనుప పలకల మధ్య పెట్టి నొక్కాను. బల్లపరుపుగా, కొత్తవాటిలా తయారయ్యాయి. సముద్రపు గాలికి మళ్లీ లేస్తాయని నాకు తెలుసు. పోటీకి నాలుగురోజుల ముందు వాటిని తీసుకుని పరుపుల కొట్టుకు వెళ్లాను.

"బాజీ, నా మెరుపు కొరియర్లు నువ్వు తీసుకో. నీ మామూలువి నాకివ్వు."

"ఏరా, జ్వరం గానీ వచ్చిందా? మెరుపువి ఇచ్చి మామూలువి తీసుకుంటావా?"

"పని ఒకటేగా. నాకు మెరుపుతో పనిలేదు."

"నిజంగా వద్దా? రేపొచ్చి మళ్లీ అడిగితే ఇవ్వను చూడు."

"వద్దన్నానుగా."

"నాన్నా, టీ చెప్పవా! సైంటిస్టుకి వైరాగ్యం వచ్చింది!"

అతను వాటిని వెలుగుకు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. దాన్ని బహుమానం అనుకున్నాడు. మర్నాడు నాకోసం పరుపుగుడ్డతో ఒక చాప కుట్టి తెచ్చాడు, ఆడేటప్పుడు బల్లమీద పరుచుకోవడానికి. నీలం చారలది, లోపల పలుచగా దూది. అంచులు ఎంత శ్రద్ధగా కుట్టాడంటే, ఒక్క కుట్టు కూడా వంకర పోలేదు. అప్పుడైనా చెప్పొచ్చు. నోటిదాకా కూడా రాలేదు.

అతను పట్టుబడాలని కోరుకున్నానా? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నోసార్లు అడిగాను. లేదు. పట్టుబడేది నేను కాకూడదని మాత్రమే కోరుకున్నాను. ఆ రెండింటికీ తేడా ఉందని చాలాకాలం నన్ను నేను నమ్మించుకున్నాను.

ఆ ఆదివారం ముసురు పట్టింది. హాలు తలుపులు బార్లా తీసి ఉన్నాయి. ఎండుచేపల వాసన, ఉప్పుగాలి. మధ్యాహ్నానికి మిగిలింది నలుగురం. అందులో నేనూ బాజీ ఉన్నాం. ఆట మొదలుపెట్టే ముందు జడ్జి బాజీ కట్టను చేతిలోకి తీసుకుని కళ్లకు ఎదురుగా పట్టుకున్నాడు. సందు ఉన్నచోట కట్టను విడదీసి కార్డు తిప్పాడు. కొరియర్. మళ్లీ విడదీశాడు. కొరియర్. నాలుగోదీ కొరియరే.

"ఇవి గుర్తులు పెట్టిన కార్డులు," అన్నాడు జడ్జి.

"గాలికి వంగాయండీ. పొద్దున బాగానే ఉన్నాయండీ. నేనేం చెయ్యలేదండీ." బాజీ చుట్టూ చూశాడు. నేను కనబడగానే అతని మొహం తేలికపడింది. అది నేను మరిచిపోలేను. "ఒరేయ్, నువ్వు చెప్పరా! అవి నీవేగా. నీ దగ్గర కూడా ఇలా వంగేవా?"

నేను జడ్జి వైపు తిరిగాను.

"నేనిచ్చినప్పుడు బాగానే ఉన్నాయండీ."

ఆ వాక్యంలో అబద్ధం లేదు. ఒక్క అక్షరం కూడా అబద్ధం కాదు. బాగానే ఉండేట్టు నేనే చేశాను కదా.

అతన్ని పోటీ నుంచి తప్పించారు. అతను తన సంచీ తీసుకుని వర్షంలోనే బండెక్కి వెళ్లిపోయాడు. నా కట్ట అనుకున్నట్టే పనిచేసింది. కావాల్సినప్పుడల్లా కొరియర్ చేతికి వచ్చాడు, బాజీ ఇచ్చిన మామూలు కొరియర్. నేను గెలిచాను. బెంగుళూరు వెళ్లి మొదటి ఆటలోనే ఓడిపోయాను. అది శిక్ష అనుకోవడానికి ప్రయత్నించాను. కాదు, అది ఉత్త ఓటమి.

పైగదిలో ఎవరో అతనికి అప్పడాల బాజీ అని పేరు పెట్టారు. పెట్టింది నేను కాదు. నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను. ఒక ఆదివారం అతను మెట్లెక్కి వచ్చి, గుమ్మంలో ఆ పేరు విని, అటునుంచి అటే దిగిపోయాడు. మళ్లీ రాలేదు. వరండాలో బల్లలు పడలేదు. ఆ తర్వాత అతను వేస్టు దూది కోసం మిల్లుకు వచ్చినప్పుడల్లా ల్యాబులో నాకేదో పని తగిలేది. తగిలించుకునేవాణ్ణి.

ఇంతకాలం తర్వాత ఇప్పుడెందుకు? మొన్న చీరాల నుంచి నేతవాళ్లు ఫిర్యాదు చేశారు. మా నూలుకు రంగు వేస్తే చీరమీద చారలు తేలుతున్నాయట. కారణం నాకు తెలుసు. ఒక రకం పత్తి అయిపోతే నేను ఇంకోటి కలిపాను. పొడవు సరిపోయింది, సన్నదనం సరిపోయింది. కానీ అది సరిగ్గా పండని దూది. రంగు సరిగా పట్టదేమో అనిపించింది, అయినా కలిపాను. జవాబు రాయడానికి కూర్చున్నాను. నా చెయ్యి దానంతటదే రాసింది, పంపినప్పుడు నూలు బాగానే ఉంది అని.

నేనా వాక్యం వైపు చూస్తూ ఉండిపోయాను. వాడరేవు హాలు, తెరిచిన తలుపులు, తేలికపడ్డ ఆ మొహం. కాగితం చింపేశాను. తప్పు మా మిక్సింగుదేనని, తెలిసీ కలిపానని రాసి మేనేజరుగారికిచ్చాను. చీవాట్లు తిన్నాను. తింటుంటే విచిత్రంగా ఊపిరి ఆడింది. ఆ ఊపులోనే గేటు దగ్గరకు వెళ్లాను. అది బాజీ వచ్చే రోజు.

ట్రాలీ ఆటోలో దూదిమూటలు ఎక్కిస్తున్నాడు. కాస్త ఒళ్లు చేశాడు. నేను చెప్పాను. కిటికీ గట్టు, ఓవెన్, ఇనుప పలకలు, ఏదీ దాచలేదు. అతను తాడు బిగిస్తూనే విన్నాడు. అయిపోయాక నావైపు తిరిగాడు.

"ఇది నాకెందుకు చెబుతున్నావ్? నేను చెయ్యలేదని నాకు తెలుసుగా. ఆ హాల్లో ఉన్నోళ్లకి చెప్పు."

"చెబుతాను."

"సరే జరుగు. లోడు కట్టాలి."

జరిగాను. క్షమించాడా అని అడక్కండి. నేనూ అడగలేదు.

ఆ సాయంత్రం, ఆ రోజు హాల్లో ఉన్న మావాళ్లంతా ఉండే క్లబ్బు గ్రూపులో మొత్తం రాశాను, కింద నా పేరు పెట్టి. బాజీ ఆ గ్రూపులో లేడు. తర్వాత ఒకరు, పాత సంగతి ఇప్పుడెందుకు తవ్వడం అన్నారు. ఇద్దరు నాతో మాట్లాడటం మానేశారు. ఇంకొకడు, అయితే అప్పడాలు నీవన్నమాట అన్నాడు. అప్పట్నుంచీ నేను అప్పడాల సైంటిస్టును. ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే పలుకుతున్నాను. పలికినప్పుడల్లా కొంచెం తేలికవుతోంది. ఇలా తేలికపడటానికి నాకు హక్కుందా? తెలియదు. అవుతున్నది మాత్రం దాచను.

నీలం చారల చాప బీరువాలోంచి తీశాను. ఉతికి ఆరేశాను. ఇంకా వాడలేదు.

మిల్లు హాలు చివర ఆ కిటికీ గట్టు వైపు ఇన్నేళ్లూ వెళ్లలేదు. దూరమైనా చుట్టూ తిరిగి పోయేవాణ్ణి. ఇవాళ మధ్యాహ్నం అక్కడే కూర్చుని కేరేజీ విప్పాను. మా అమ్మ పప్పులోకి అప్పడం పెట్టింది. ఆ తేమకు అది మెత్తబడిపోయింది. అయినా మొత్తం తిన్నాను.