కుడి భుజమెక్కిన జంధ్యం

స్వాతంత్ర్యం రాకముందు మాట. నరసన్నపేటలో బట్టల కొట్టువారింటికి కొత్తకోడలిగా వచ్చాను. మావగారి షష్టిపూర్తికి ఆయన బొమ్మ వేసి మెప్పు కొట్టేద్దామనుకున్నాను. గాజుపలక మీద అచ్చాఫీసు సిరా పలచగా రుద్ది, పైన కాగితం పరిచి, దాని వెనకవైపు పెన్సిలుతో గీస్తే అడుగున బొమ్మ దిగుతుంది. కాగితం ఒలిచి చూస్తే బొజ్జ, మీసం అచ్చం ఆయనే! మురిసిపోయి, పీటల మీదున్న మావగారికీ బంధువులందరికీ ఎత్తి చూపించాను.

పురోహితుడు మంత్రం ఆపేశాడు. ఇలా దించిన బొమ్మలో కుడి ఎడమవుతుందని నాకు తోచనేలేదు. ఎడమ భుజం మీదుండాల్సిన జంధ్యం కుడి భుజమెక్కి కూర్చుంది. పితృకార్యాలకే అలా వేసుకుంటారు.

“ఏటమ్మా ఇది? శుభమా అని పీటల మీద కూసుంటే నాసేత తద్దినం పెట్టిస్తన్నావా?” అని మావగారు గర్జించారు.

పక్కపీట మీది అత్తగారు తాపీగా అన్నారు: “ఊరుకోండి. తద్దినం పెడతన్నారంటే బతికున్నట్టే గదా!”

ముందు నవ్వింది పురోహితుడే. మావగారు ఆ బొమ్మను పారేయలేదు. ఏటా వాళ్ల నాన్నగారి తద్దినం నాడు మాత్రం బయటకు తీసి, “ఇయ్యాల సరిగ్గా ఉన్నాది” అంటూ గోడకు తగిలించేవారు.