ఆరున్నరకు కదలని లాంచీ

ఉద్యోగ విరమణకు ఏడాదిన్నర ముందు, ఒక ఫిబ్రవరి మొదటి వారంలో, నన్ను విజ్ఞాన యాత్రకు బాధ్యుడిగా నియమిస్తూ ఉత్తర్వు వచ్చింది. అప్పుడు నేను అనంతపురంలో నీటిమట్టాలు కొలిచే ఒక కార్యాలయంలో సహాయ భూగర్భ జల శాస్త్రవేత్తను. హోదా వినడానికి పెద్దదే, పని మాత్రం చిన్నది. జిల్లాలో ఎంపిక చేసిన కొన్ని బావులుంటాయి. వాటిని పరిశీలన బావులంటాం. నెలకోసారి ఒక్కో బావి దగ్గరికి పోయి, స్టీలు టేపు చివర సుద్ద రాసి లోపలికి దించాలి. సుద్ద ఎంతవరకు తడిసిందో చూసి, నేలమట్టం నుంచి నీళ్లు ఎంత లోతున ఉన్నాయో లెక్కకట్టి రిజిస్టరులో రాయాలి. దాన్ని ఉప సంచాలకులు, అంటే మా డి.డి. గారు, సంతకం చేసి పైకి పంపుతారు. పైకి పోయిన అంకెలు ఏమవుతాయో ముప్పై రెండేళ్లలో నాకు తెలియలేదు. అడగడం మర్యాద కాదని ఊరుకున్నాను.

యాత్ర సంగతి ఇది. మడకశిర వైపు ఒక ఊరినుంచి పన్నెండు మంది రైతులను రైల్లో తూర్పు తీరంలోని ఒక చిన్న రేవుకు తీసుకుపోవాలి. అక్కడినుంచి లాంచీలో గంట ప్రయాణం చేసి ఒక దీవికి చేర్చాలి. చుట్టూ ఉప్పు సముద్రం ఉన్నా ఆ దీవివాళ్లందరూ ఒకే బావి నీళ్లు తాగుతారు. ఇసుకలో ఇంకిన వాననీళ్లు ఉప్పునీళ్ల మీద పలచటి పొరలా తేలుతుంటాయి. ఆత్రపడి తోడితే కిందనున్న ఉప్పు పైకి వస్తుంది. అందుకని వాళ్లు ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. అదేమిటో మనవాళ్లు కళ్లారా చూడాలన్నది ఉద్దేశం.

ముఖ్యంగా చూడవలసినవాడు ఈరన్న. ఆయనకు మల్బరీ తోట ఉంది, పట్టుపురుగులు పెంచుతాడు. పాత బోరు సన్నగిల్లింది. ఊరి తాగునీటి బావికి నలభై అడుగుల దూరంలోనే తన చేను. అక్కడ కొత్తగా లోతైన బోరు వేయిస్తానని పట్టుబట్టాడు. వేస్తే బావి ఎండుతుందని ఆయన వదిన హనుమక్క ఊరందరినీ కూడగట్టింది. చివరికి పంచాయతీలో ఒక రాజీ కుదిరింది. ఈరన్న యాత్రకు వస్తాడు, దీవి బావి చూస్తాడు, చూశాక కూడా వేయాలనిపిస్తే వేసుకుంటాడు. బోరు తవ్వే రిగ్గు లారీకి సోమవారం రమ్మని ముందే చెప్పి పెట్టాడు. మేం దీవిలో ఉండవలసింది శుక్రవారం.

ఇంత బరువు నా మీద పడేసరికి నాలోని ప్రణాళికావేత్త నిద్రలేచాడు. 'మినిట్ టు మినిట్ ప్రోగ్రాం' తయారుచేశాను. మంత్రులు వచ్చినప్పుడు ఆఫీసుల్లో వేసే పట్టిక అది. ఎన్నింటికి దిగుతారు, ఎన్నింటికి టీ తాగుతారు, అన్నీ గళ్లలో ఉంటాయి. ఉదయం ఆరున్నరకు లాంచీ బయలుదేరుట. ఏడున్నరకు దీవి చేరుట. తొమ్మిదిన్నర వరకు నా ఉపన్యాసం. ఆపైన బావి సందర్శన. మధ్యాహ్నం మూడున్నరకు తిరుగు రైలు. 'మార్గమధ్యంలో ట్రాఫిక్ వల్ల జాప్యం' అనే గడిలో సముద్రానికి కూడా పది నిమిషాలు కేటాయించాను. డి.డి. గారు పట్టిక చాలా బాగుందన్నారు. నాకూ అలాగే అనిపించింది.

లాంచీ నడిపే మనిషిని సరంగు అంటారు. ఆయనతో ఫోన్లో మాట్లాడాను. శుక్రవారం ఆరున్నరకు కచ్చితంగా బయలుదేరాలని చెప్పాను.

"నీళ్లు చూసుకుని టైము చెప్తానండి" అన్నాడాయన.

దానికి నేనన్న మాట ఇప్పటికీ గుర్తొచ్చి ఒంటరిగా ఉన్నప్పుడు కూడా సిగ్గేస్తుంది. నీళ్ల సంగతి నాకు చెప్పొద్దని, ముప్పై రెండేళ్లుగా కొలిచేది నీళ్లేనని అన్నాను. ఆయన "అలాగేనండి, తమరిష్టమండి" అని ఫోన్ పెట్టేశాడు.

శుక్రవారం ఆరుంబావుకే పన్నెండు మందినీ వరసగా నడిపించుకుంటూ రేవుకు చేరాను. నా పక్కన సాంకేతిక సహాయకుడు మహబూబ్ బాషా ఉన్నాడు. ఇరవై ఏళ్లుగా నా టేపు మోసినవాడు. ఎక్కడికి పోయినా టేపు సంచీ వదలడు, అత్తగారింటికి కూడా తీసుకుపోతాడని మేం ఆటపట్టించేవాళ్లం. రేవులో లాంచీ ఉంది. బురదలో పడుకున్న ఎనుములా ఒక పక్కకు ఒరిగి ఉంది. దాని చుట్టూ తడి ఇసుక, నాలుగు పీతలు, మధ్యలో మురుగుకాలువంత నీళ్లు.

హనుమక్క ఆ కాలువను కాసేపు చూసి నా వైపు తిరిగింది.

"ఏం సార్, ఈడ గూడా నీళ్లు లేవే!"

"మనం వస్తాండామని తెలిసి ఎండిపోయినట్టుండాది వదినా" అన్నాడు ఈరన్న. పన్నెండు మందీ పగలబడి నవ్వారు. నేను నవ్వలేదు.

సరంగు గట్టు మీద కూచుని పళ్లు తోముకుంటున్నాడు. నన్ను చూసి మర్యాదగా లేచాడు. "ఇయ్యాల పంచమండి. పంచమినాడు ఈ వేళకి నీళ్లు పూర్తిగా లాగేస్తాయండి. పన్నెండున్నరకి నిండు పోటు. పదింటికి గాని లాంచీ లేవదండి" అన్నాడు. తర్వాత ఏమీ ఎరగనట్టు "తమరు కొలుస్తానన్నారు కదండీ, కొలుచుకోండి" అన్నాడు.

బాషా నిజంగానే సంచీ విప్పి, టేపుకు సుద్ద రాసి, కాలువ మధ్యలోకి దించి తీశాడు. "అడుగున్నర సార్" అన్నాడు. అలవాటు కొద్దీ జేబులోంచి పెన్ను తీసి నేను అరచేతి మీద రాసుకున్నాను.

అంతటితో అయిపోయినా బాగుండేది. బాషా నా ఉపన్యాసం కాగితాలు తీసి, నాలుగో పేజీ తెరిచి నా ముందు పెట్టాడు. 'సముద్రపు ఆటుపోట్ల వల్ల దీవి బావులలోని నీటిమట్టం రోజుకు రెండుసార్లు పెరిగి తగ్గును.' నా చేతిరాతే. కింద రెండు గీతలు కూడా నేనే గీశాను. బావిలో నీళ్లు పెరిగి తగ్గుతాయని రాసినవాడికి, ఆ బావిని పెంచి తగ్గించే సముద్రం ముందు తానే పెరిగి తగ్గుతుందని తట్టలేదు. మా చెరువుల్లో నీళ్లు ఉంటే ఉంటాయి, లేకపోతే ఏడాదంతా ఉండవు. పొద్దున పోయి మధ్యాహ్నం తిరిగొచ్చే నీళ్లను నేను కాగితం మీద తప్ప ఎరగను.

ఏడింటికి డి.డి. గారికి ఫోన్ చేశాను. పన్నెండు మందికి కలిపి తీసిన టికెట్టు, రైలు తప్పితే బాధ్యత నాదేనని, దీవి రద్దుచేసి ఊళ్లోనే ఏదైనా చూపించమని సెలవిచ్చారు. నాకు ప్రాణం లేచొచ్చింది. బాధ్యత తప్పించుకునే దారిని పెద్దవాళ్లే చూపిస్తే అంతకన్నా ఏం కావాలి! రద్దయిందని అందరికీ చెప్పాను.

ఈరన్న తువ్వాలు దులుపుకొని "సరే అయితే. నేను మాట తప్పలేదు, వచ్చినాను. బావి మీరే చూపించలేదు. సోమవారం రిగ్గు వస్తాది" అన్నాడు.

హనుమక్క నా ఎదురుగా వచ్చి నిలబడింది. "సార్, మా ఊరి బావి పోతే మేం యాడికి పోవాల? పదింటికి పడవ పోతాది అంటాండాడు కదా ఆయన. మూడున్నరకు కదా రైలు. మీ ఉపన్యాసం తీసెయ్యండి, బావిని తీసెయ్యొద్దండి."

ఆమె చెప్పింది కూడికలు తీసివేతలు మాత్రమే. నా పట్టికలో అతి పొడవైన గడి నా ఉపన్యాసానిదేనని, దాన్ని తీస్తే మిగతావన్నీ సరిపోతాయని నాకు అంతవరకు కనిపించలేదు. కనిపించినా ఒప్పుకునేవాణ్ణి కాదేమో. డి.డి. గారికి మళ్లీ ఫోన్ చేయలేదు. నా సర్వీసులో పై అధికారి మాట జవదాటింది ఆ ఒక్కసారే, అదీ ఒకావిడ వెనక నిలబడి.

మూడు గంటలు గట్టు మీద కూచున్నాం. నీళ్లు మెల్లగా వచ్చాయి. ముందు పీతలు మాయమయ్యాయి, తర్వాత ఇసుక, తర్వాత లాంచీ నిటారుగా లేచింది. మావాళ్లు రెప్ప వేయకుండా చూశారు. వాన లేకుండా నీళ్లు పెరగడం వాళ్లెవరూ చూసి ఎరగరు. నేనూ అంతే, కాకపోతే అది చూసి ఎరిగినవాడిలా ముఖం పెట్టుకున్నాను.

పదకొండింటికి దీవిలో దిగాం. బావి దగ్గర పదిహేను మంది ఆడవాళ్లు బిందెలు పక్కన పెట్టుకుని కూచున్నారు. ఎవరూ తోడడం లేదు. ఈరన్న దాహంతో ఉన్నాడు. నేరుగా వెళ్లి చేద అందుకున్నాడు. నూకాలమ్మ అనే పెద్దావిడ చటుక్కున తాడు పట్టుకుంది.

"ఆగు బాబూ, ముడి మునగలేదు."

బావిలోకి ఒక తాడు వేలాడుతోంది. దాని కొసకు రాయి కట్టి ఉంది, మధ్యలో ఎర్రగుడ్డతో ఒక ముడి ఉంది. ముడి నీళ్లలో మునిగి ఉంటే తోడుకోవచ్చు. బయటపడితే మళ్లీ పోటెక్కేదాకా చేద వేయకూడదు. దీవి కట్టుబాటు మొత్తం అంతే. నా ఉపన్యాసం పదహారు పేజీలూ ఆ ముడిలో ఉన్నాయి.

"ఒక చెంబు నీళ్లకు ఏందమ్మా ఇది? ఇంత సముద్రం పెట్టుకొని!" అన్నాడు ఈరన్న.

"ఒక్క చెంబేనని మా ఆయనా అన్నాడు బాబూ. ఆ ఏడాది ఆరు నెలలు ఉప్పునీళ్లు తాగాం" అందావిడ. కోపంగా అనలేదు. ఆ ఆరు నెలలూ నెత్తిన ఎత్తుకున్నది ఆమేనని తెలుస్తూనే ఉంది.

ఈరన్న చేద పక్కన పెట్టి, ఆడవాళ్లకు కాస్త ఎడంగా కూచున్నాడు. నేను గడియారం చూసుకుంటూ అటూ ఇటూ తిరిగాను. అరగంట పైన పట్టింది. ఎర్రగుడ్డ మునిగాక ఆడవాళ్లు వరసగా తోడుకున్నారు. ఈరన్న అందరికన్నా వెనక, హనుమక్కకు పోసి తాను తాగాడు. తియ్యగా ఉన్నాయని గాని, లేవని గాని అనలేదు. లాంచీలో చిత్రాన్నం పొట్లాలు తిన్నాం. రైలు అందింది.

సోమవారం పొద్దున్నే, కొలత నెపం పెట్టుకొని నేనూ బాషా ఆ ఊరికి పోయాం. రిగ్గు లారీ కనిపించలేదు. బావి దగ్గర మాత్రం జనం ఉన్నారు. బావిలోకి ఒక తాడు వేలాడుతోంది. ఈరన్న తన తువ్వాలు చింపిన పేలిక చేతిలో పట్టుకొని వదినతో వాదిస్తున్నాడు. రిగ్గును రావద్దని చెప్పేశాడట, ముడి బయటపడిన రోజు తన పాత బోరు మోటారు కూడా ఆపేస్తానని ఆయన ఒప్పుకున్నాడు. పేచీ అంతా ముడి ఎక్కడ కట్టాలన్న దాని మీదే. ఆయన కిందికి అంటాడు, ఆమె పైకి అంటుంది.

నన్ను చూడగానే ఈరన్న వాదన ఆపాడు. "రండి సార్. ఇన్నేండ్లుగా ఈ బావిలోకి టేపు దించుతాండారు కదా. ముడి యాడ కట్టాల మీరే చెప్పండి" అన్నాడు.

అది మా పరిశీలన బావే. దాని అంకెలు పాతికేళ్లవి నా రిజిస్టరులో ఉన్నాయి. నీళ్లు తాగేవాళ్లు వాటిని అడగడం అదే మొదటిసారి. రిజిస్టరు జీపు బానెట్ మీద పరిచి చూశాను. మార్చిలో నీళ్లు పదకొండు మీటర్ల కిందికి పోయిన ప్రతి ఏడూ మేలో బావి ఎండింది. బాషా తాడుకు టేపు పట్టి పదకొండు దగ్గర వేలుంచాడు. ఈరన్న ముడి వేశాడు.

ఏప్రిల్‌లో ముడి బయటపడింది. ఈరన్న మోటారు ఆపాడు, సగం తోట వదులుకున్నాడు. మేలో ఊళ్లో నీళ్లున్నాయి.

యాత్ర నివేదికతో పాటు, ప్రోగ్రాం పట్టికలో 'అక్కడివాళ్లను అడిగితిరా?' అనే కొత్త గడి చేర్చాలని రాసి పంపాను. నిర్ణీత నమూనాలో లేదని తిప్పి పంపారు. ఆ సంఘటన నాకు నేర్పింది రెండు విషయాలు. నీళ్ల మీదికి పోయేముందు ఆ నీళ్లమీద బతికేవాళ్లను వేళ అడగాలి. కొలిచిన అంకెను పైకి పంపేముందు బావి గట్టు మీద ఉన్నవాళ్లకు చెప్పాలి. రెండోది నేను ముప్పై రెండేళ్లు చేయలేదు.