రోలరక్క సంతకం

ఆసుపత్రి లాండ్రీలో ఆమెను అందరూ రోలరక్క అంటారు. తడి దుప్పటిని కాలే రోలర్ల మధ్యకు పంపి ఇస్త్రీ చేసే పెద్ద మిషన్ ఆమెది. మోకాళ్ళు అరిగిపోయాయి, మిషన్ మాత్రం బాగానే ఉంది. మిషన్‌కు నెలనెలా నూనె పోస్తారు మరి.

నలభై తొమ్మిది నిండాయి కదా, యాభై ఎనిమిదికి మానేస్తే పింఛను ఎంతొస్తుందో కనుక్కుందామని ఒక సెలవు రోజు ప్రావిడెంట్ ఫండు ఆఫీసుకు వెళ్ళింది. గుమాస్తా కంప్యూటర్‌లో చూసి, "మీ సర్వీసు రెండేళ్ళేనమ్మా" అన్నాడు.

"రెండేళ్ళేంటి బాబూ? మా చిన్నాడు పాలు తాగేటప్పట్నుంచీ అక్కడే చేస్తున్నా."

"కాంట్రాక్టరు మారినప్పుడల్లా ఫండంతా తీసేసుకున్నారు. డబ్బుతో పాటు సర్వీసూ పోతుంది. పింఛనుకి పదేళ్ళుండాలి. ఇప్పుడున్నది కదపకుండా ఉంచితే మీకు వస్తుంది. ఈసారీ తీశారంటే మిగిలిన తొమ్మిదేళ్ళూ చాలవు, ఇక ఆశ వదులుకోండి."

దారి పొడుగునా అక్కకు ఒళ్ళు మండిపోయింది. కాంట్రాక్టరు మారితే చాలు, లాండ్రీ గేటు దగ్గర మొగుళ్ళంతా వరస కడతారు. ఆడవాళ్ళు మిషన్లు వదిలి రాకూడదట, అందుకని ఫండు తీసుకునే వాళ్ళ కాగితాల మీద వీళ్ళే సంతకాలు గీకేస్తారు. కాంట్రాక్టరు మేస్త్రీ తలకింత అని తన వాటా పుచ్చుకుంటాడు. ఎవరు పెడితేనేం, డబ్బు ఇంటికే కదా అని అక్క కూడా అనుకుంది. ఒకసారి మరిది కొట్టుకు పోయింది. ఇంకోసారి మొగుడి బండికి పోయింది. పైగా తన ఫండుతోనే మరిది నిలదొక్కుకున్నాడని నలుగురికీ గొప్పగా చెప్పుకుంది. అది గుర్తొచ్చి తన చెంప తనే వాయించుకోవాలనిపించింది.

మర్నాడే పాత కాంట్రాక్టరుకు ఆఖరి రోజు. అక్క మొగుడు డ్రైవరుగా రిటైరై, నెల తిరిగేసరికి పింఛను అందుకుంటున్న మనిషి. ఇంటికొచ్చిన సాయంత్రమే, ఆయన టీవీ ముందు కూర్చుని ఉండగా గుమాస్తా చెప్పిందంతా చెప్పి, "రేపు గేటు దగ్గరికి రాకండి" అంది.

"అదేంటి? తమ్ముడికి మాటిచ్చాను. మేడ మీద గది వేసుకుంటున్నాడు."

"నా డబ్బుకి మీరు మాటిచ్చారా?"

"నీదీ నాదీ ఏముందే? నా పింఛనుతో ఇద్దరం బతకలేమా?"

"బతుకుతాం. మొన్న మోకాళ్ళకి మందడిగితే అయిపోయిందో లేదో పాత సీసా చూపించమన్నారు. ముసలిదాన్నయ్యాక కూడా సీసాలు చూపిస్తూ బతకమంటారా?"

ఆయన టీవీ సౌండు పెంచాడు. కాపురానికొచ్చినప్పటి నుంచీ ఆమె ఎదురుచెప్పినప్పుడల్లా ఏదో ఒకదాని సౌండు పెంచుతూనే ఉన్నాడు.

మర్నాడు పని మధ్యలో, దుప్పట్లు మడతపెట్టే పిల్ల వచ్చి, "అక్కా, బావగారు గేటు దగ్గరున్నారు" అంది. అక్క స్విచ్ కట్టేసి, చెయ్యి తుడుచుకోకుండానే కింది అంతస్తు మెట్లెక్కి గేటు దగ్గరికి వచ్చింది.

మొగుడు వరసలో మూడోవాడు. అక్క ఆయన చేతిలోంచి కాగితం లాక్కుని చూసింది. సంతకం అప్పటికే పెట్టి ఉంది. తన పేరే. తను రాసేదానికంటే గుండ్రంగా, తీరుగా ఉంది.

"నలుగురిలో ఏంటే ఇది? ఇంటికి పద" అన్నాడాయన గొంతు తగ్గించి.

అక్క ఆ కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి మేస్త్రీ బల్ల మీద పడేసింది. "తీసే కాగితం కాదు, ఫండు కొత్త కాంట్రాక్టరుకి మార్చే కాగితం ఇవ్వు."

"అది ఎవరూ అడగరక్కా" అంటూనే మేస్త్రీ కట్ట అడుగు నుంచి ఒకటి లాగి ఇచ్చాడు. దాంట్లో అతనికి వాటా ఉండదు, అందుకే అడుగున పడుంది. అక్క నిలబడే, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని పేరు రాసింది. అతను ఫైల్లోంచి పోయినసారి కాగితం తీసి పక్కన పెట్టి చూసి తల అడ్డంగా ఊపాడు.

"రికార్డులో ఉన్నదాంతో కలవట్లేదక్కా. ఇది పంపిస్తే దొంగ సంతకమంటారు."

అక్క మొగుడి వైపు వేలు చూపించింది.

"దొంగ సంతకం పెట్టినాయన లైన్లోనే ఉన్నారు. ఆయన్నడుగు."

మేస్త్రీ ఆయన వంక చూశాడు. వరసలో ఉన్న మిగతా మొగుళ్ళెవరూ తలెత్తలేదు. అక్క మేస్త్రీ పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, సంతకం మార్చుకునే కాగితం తెప్పించమంది. అది కాంట్రాక్టరు ఆఫీసు నుంచి వచ్చేదాకా ఎవరు పిలిచినా లేవలేదు.