షామియానా మాస్కులు

కరోనా లాక్‌డౌన్‌లో పెళ్ళిళ్ళు ఆగిపోయి, కమలాపురంలోని మా టెంట్ హౌస్‌కు తాళం పడింది. ఊరికే కూర్చోలేక, "షామియానా కత్తిరించి మాస్కులు కుడతా" అన్నాను. మాకున్నది ఒక్కటే షామియానా. అయినా మా ఆయనే కత్తెర తెచ్చిచ్చాడు.

ఎర్రపూల మాస్కులు గంపలో పెట్టుకుని వీధిలోకి వెళ్ళాను. కూరగాయలమ్మే లక్షుమక్క ఒకటి తీసి మూతికి పెట్టుకోబోయి, చటుక్కున వదిలేసింది.

"మా నాయన సచ్చినప్పుడు ఇంటి ముందర ఏసిన షామియానా గుడ్డే గదమ్మే ఇది!"

చుట్టూ ఉన్నవాళ్ళు కూడా చేతిలోని మాస్కులు గంపలో పడేశారు.

"నీ కూతురు పెండ్లికీ ఇదే ఏసింటిమి గదక్కా" అన్నాను.

"పెండ్లి యాడ గుర్తుంటాది? సావే గుర్తుంటాది" అంటూ ఆమె చేతులు కడుక్కుంది.

ఒక్కటీ అమ్ముడుపోలేదు. ఆంక్షలు సడలాక మొదటి పెళ్ళివాళ్ళ ఫోన్ వచ్చింది. మా ఆయన మాస్కుల మూట వైపు చూస్తూ, "షామియానా లేదప్పా. కుర్చీలైతే ఉండాయి" అన్నాడు. అవతలివాళ్ళు ఫోన్ పెట్టేశారు.

కష్టకాలంలో కొత్తగా ఆలోచించాలని టీవీలో ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. విన్నప్పుడల్లా, ఎండాకాలంలో మా షామియానా కింద ఎంత చల్లగా ఉండేదో గుర్తొస్తుంది.