దూది ఆరిందా?

మా అవ్వకు ఎవరి మీదా నమ్మకం లేదు. నాయనమ్మను మేం అవ్వ అనేవాళ్లం. పాలలో నీళ్లున్నాయని అనుమానం, కోడేరు సంతలో తక్కెడ మీద అనుమానం, తక్కెడ సరిగ్గానే ఉందని ఎవరన్నా అంటే అన్నవాళ్ల మీద అనుమానం. నాకు ఆమె పోలికే వచ్చిందని చుట్టాలు అంటారు. వచ్చిందేమో. కాని నాకు అనుమానం వస్తే మొహం మీదే అడుగుతాను. ఆమె అడగదు, కనిపెట్టి చూస్తుంది. ఈ తేడా చిన్నదని ఎవరన్నా అంటే వాళ్లతో పోట్లాడటానికి ఇప్పటికీ సిద్ధమే.

యుద్ధం రోజుల్లో అగ్గిపెట్టెలు కరువయ్యాయి. సంతలో ఎప్పుడన్నా దొరికినా చెమ్మ పట్టిన పుల్లలే. గీస్తే మందు రాలేది తప్ప మండేది కాదు. ఊళ్లో ఆడవాళ్లు పిడక ముక్క పట్టుకొని నిప్పు కోసం ఇంటింటికీ తిరుగుతుంటే మా అవ్వ నవ్వుకునేది. అగ్గిపెట్టెను ఆమె మొదటి నుంచీ నమ్మలేదు కదా! ఆమెకు చెకుముకి రాయి, ఉక్కు ముక్క, దూది ఉన్నాయి.

దూది అంటే చేను పత్తి కాదు. బూరుగు కాయ పగిలితే వచ్చే పట్టులాంటి దూది. గింజ తీసి, పాత నూలు గుడ్డ కాల్చిన మసి కలిపి, అరచేతుల మధ్య నలిపి వత్తులు చేసేది. రాయిని ఉక్కుతో కొడితే రాలిన రవ్వను ఆ వత్తి అందుకుంటుంది. మంట రాదు, లోలోపల కాలుతుంది. ఎండుగడ్డిలో పెట్టి ఊదితే అప్పుడు మంట. పనయ్యాక కొసను రాతికి అదిమి నిప్పు చంపి, ఆ వత్తినే మళ్లీ దాచాలి. ఒకసారి కాలిన కొస మర్నాడు రవ్వను తొందరగా పట్టుకుంటుంది.

దాచడమే అసలు పని. మా ఇంటి కప్పు బోద గడ్డి, అందుకని దూదిని గడప లోపలికి రానిచ్చేది కాదు. పెరటి చివర రాతి గోడలో ఒక గూడు ఉండేది. పైబండ చూరులాగా ముందుకు వచ్చి ఉండటం వల్ల జల్లు లోపలికి కొట్టదు. గూట్లో ఇసుక, ఇసుక మీద ఎండిన సొరకాయ బుర్ర, బుర్రలో వత్తులు, మూతికి మైనం రాసిన చెక్క బిరడా. గోడకు అవతల మా పాలోళ్లు, అంటే తాతగారి అన్న పిల్లలు. వాళ్లు చెయ్యి చాపి దూది ఎత్తుకుపోతారని అవ్వ బిరడా మైనం మీద గోటితో గీత పెట్టి ఉంచేది. గీత చెరగలేదని తెలిసిన రోజు, చెరిపి మళ్లీ అట్లాగే గీశారని అనుకునేది.

ఆ ఏడే మా చిన్నాయన పెళ్లయింది. చిన్నమ్మది కృష్ణ అవతల, గద్వాల దాటి రాయచూరు దిక్కు పోతే వచ్చే ఊరు. అవును అనడానికి హౌదు అనేది. మాటలో సగం కన్నడం. "సగం మాట బయట, సగం లోపల పెట్టుకొని మాట్లాడుతది" అని అవ్వ తేల్చేసింది. దానికి తోడు చిన్నమ్మ గోడ అవతలి పెద్దమ్మతో నవ్వుతూ మాట్లాడేది. అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

వానకాలం. ముసురు పట్టి వదిలింది. బుర్రలో వత్తులు చెమ్మగిల్లి ఉన్నాయి. పాలోళ్లు బిరడా తీసి పెట్టారని అవ్వ రుసరుసలాడింది. నేను చూస్తే బిరడా ఎండాకాలంలోనే ఎండి కుంచించుకుపోయి, చుట్టూ సందు కనపడుతోంది. ఆ మాటంటే "నీ కండ్లు పెద్దగున్నయిలే" అంది. ఉన్నవాటిలో పొడిగా ఉన్న వత్తితో పొయ్యి ముట్టించి, దాని కొసను రాతికి అదిమి, మిగతా వాటితో కలిపి ఎండలో బండ మీద పెట్టింది.

"ఆరినంక బుర్రల పెట్టు" అని చిన్నమ్మకు చెప్పి పశువుల కొట్టంలోకి పోయింది.

నేను అరుగు మీద కూర్చొని పళ్లు తోముకుంటున్నాను. కొంచెం సేపటికి కొట్టంలోంచి అవ్వ కేక.

"ఏమే, దూది ఆరిందా?"

చిన్నమ్మ వంగి వత్తులను వేళ్లతో తడిమింది. "ఆరిందత్తా!"

"అయితే పెట్టెయ్యి."

పెట్టేసింది. మధ్యాహ్నం కాకముందే కమురు వాసన. గూట్లో బుర్ర పగిలి నిప్పులు కక్కుతోంది. గోడ అవతల ఆనించి పెట్టిన పాలోళ్ల జొన్నచొప్ప వామికి గాలి ఆ నిప్పును మోసుకుపోయింది. బిందెలు, కుండలు, పచ్చి కొమ్మలు పట్టుకొని అందరూ ఉరికారు. వామి పక్కన కట్టేసిన వాళ్ల దూడను తాడు కోసి బయటికి లాగారు. వామి సగానికి పైగా బూడిదైంది.

గోడ మీద నుంచి తిట్లు మొదలయ్యాయి. మా పశువులు ఆకలితో చావాలని మీరే అంటుపెట్టిన్రని పెద్దమ్మ. మా మీద నింద వెయ్యడానికి మీ చొప్ప మీరే కాల్చుకున్నరని అవ్వ. ఇదేం తెలివి అని నాకు నవ్వొచ్చింది కాని, అవ్వ నిజంగానే నమ్మి అంటోంది. పొద్దు వాలేసరికి ఇద్దరూ అలిసిపోయారు. అప్పుడు పెద్దమ్మ గొంతు తగ్గించి, "బుర్ర కాడ మీ చిన్న కోడలు నిలబడంగ నేను చూసిన" అంది.

అవ్వ ఒక్క క్షణం ఆలోచించింది. "నాకు ఎరికనే. దాని చెయ్యి మంచిది కాదు."

ఏళ్ల తరబడి మాటల్లేని రెండిళ్లు అట్లా ఒక్కటయ్యాయి. అయిదు నెలల కాపురం కూడా లేని పిల్ల మీద అందరి కోపం సరిగ్గా సరిపోయింది. వచ్చి పిల్లను తోలుకపొమ్మని చిన్నమ్మ పుట్టింటికి మనిషిని పంపారు. కృష్ణ దాటించి పంపితే మళ్లీ పిలవరని ఊరందరికీ తెలుసు. చిన్నాయన దూలాలు లెక్కపెడుతున్నట్టు పైకి చూస్తూ కూర్చున్నాడు. మగవాళ్లకు అట్లాంటప్పుడు కప్పు చాలా అందంగా కనపడుతుంది.

నేను చిన్నమ్మను బావి దగ్గర పట్టుకున్నాను.

"నిప్పు ఉండంగ ఆరిందని ఎందుకన్నవు?"

"ఆరింది కదా! ముట్టి చూసిన. తడి లేదు."

"అవ్వ అడిగింది తడి సంగతి కాదు. నిప్పు సంగతి."

చిన్నమ్మ బిందె కింద పెట్టింది. "నిప్పు సంగతి అయితే నందిందా అని అడగాలె. మా దిక్కు నిప్పు నందుతది. ఆరేటివి బట్టలు, పిడకలు."

ఒకే మాటకు ఇంట్లో ఇద్దరు రెండు అర్థాలు పెట్టుకున్నారు. మా ఇంట్లో తడీ ఆరుతుంది, నిప్పూ ఆరుతుంది. పైగా అవ్వ అడిగినప్పుడు ఆ బండ మీద తడీ, నిప్పూ రెండూ ఉన్నాయి. తర్వాతెప్పుడో హైదరాబాదు కాలేజీలో పాత పద్యంలో దీపం నందింది అని చదివినప్పుడు, మా ఇంట్లో మోటుమాట అని తీసిపారేసిన దానికి అక్కడ టీకా తాత్పర్యాలు చెబుతున్నారని నాకు ఒళ్లు మండింది.

అవ్వ దగ్గరికి పోయి వాదించాను. చిన్నమ్మ అబద్ధమాడలేదన్నాను. వత్తిని సరిగ్గా అదమనిది నువ్వేనన్నాను. చెమ్మ లోపలికి పోయిన సందులోంచే గాలి కూడా పోయి నిప్పును బతికించిందన్నాను.

"గీ మాట అది నీకు నేర్పిందా, నువ్వు దానికి నేర్పినవా?" అంది అవ్వ.

"ఎవరూ నేర్పలే."

"నేర్పకుంటే గింత చక్కగ ఎట్ల కుదిరింది?"

చక్కగా కుదిరిన నిజం ఆమెకు దొంగసొమ్ము లాంటిది.

చిన్నమ్మ అన్న పుట్టిలో నది దాటి, అమరచింతలో చుట్టాల బండి అడుక్కొని వచ్చాడు. నీళ్లిచ్చినా తాగలేదు. గోడ మీద నుంచి పెద్దమ్మ తల కనపడుతోంది. చిన్నమ్మ మూట కట్టుకుంది. ఆ పొద్దున వంటయ్యాక పొయ్యి గడ్డలకు ఎర్రమట్టి పూసింది కూడా ఆమే. పంపించేసే కోడలితో పొయ్యి పూయించుకోవడానికి మా అవ్వకు మొహమాటం లేదు.

అవ్వ చేనికి పోవడానికి కొంగు బిగించి, వాకిట్లోంచి అడిగింది. "పోయేముందు చూడు, పొయ్యి ఆరిందా?"

చిన్నమ్మ మూట కింద పెట్టి లోపలికి పోయింది. పొయ్యి గడ్డ మీద వేలు పెట్టి చూసి, ఆ వేలు చూపిస్తూ బయటికొచ్చింది. వేలికి ఎర్రమట్టి.

"ఇంకా ఆరలే అత్తా. పచ్చిగనే ఉంది."

నేను లోపలికి ఉరికి చూశాను. పొయ్యిలో నిప్పు లేదు. చల్లటి బూడిద. బయటికొచ్చి ఆ సంగతి చెప్పాను. పెద్దమ్మ తల గోడ వెనక్కి తగ్గింది. అవ్వ ఆ వేలు వైపు చూస్తూ ఉండిపోయింది. ఆమె నిజంగా అలవాటు కొద్దీ అడిగిందా, లేక పరీక్ష పెట్టిందా అన్నది నాకు ఇవాళ్టికీ తెలియదు. పరీక్షే అని నా అనుమానం. పెద్దమ్మ వినేటట్టు గొంతు పెంచి అడగడం కూడా నాకు గుర్తుంది.

చిన్నమ్మకు ఇవేమీ పట్టలేదు. మూట తీసుకోలేదు. అన్న వైపు తిరిగి, "అన్నా, నేను రాను. నేను బండెక్కితే వీళ్లన్నది నిజమైతది" అంది.

"నిన్ను ఉండనిస్తరా?" అన్నాడు ఆయన.

"ఉండనియ్యకుంటే అత్తనే చెప్పాలె. మనిషితోటి కబురు కాదు. నా మొహం చూసి చెప్పాలె."

అవ్వ మొహం చూసింది. ఏ దొంగతనమూ దొరకనప్పుడు ఆమె మొహంలో ఒక నిరాశ కనపడేది, అదే కనపడింది. తప్పయిందన్న మాట అనలేదు. ఆమె నోట ఆ మాట నేను ఎన్నడూ వినలేదు.

"ఎండల నిలబెట్టిన్రు ఎద్దులను. కాడి ఇప్పుండ్రి" అంది చిన్నాయనతో. అప్పుడు ఆయన కప్పు మీద నుంచి చూపు దించి బండి దగ్గరికి పోయాడు. చిన్నమ్మ అన్నకు అవ్వ మళ్లీ చెంబుతో నీళ్లు ఇచ్చింది. ఆయన చెంబు అందుకొని, అనుమానంగా లోపలికి ఒకసారి చూసి, తాగాడు.