మాధవీలత అనుమానం

మంగళగిరిలో చీరల కొట్టు నడిపే మాధవీలతకు ఫోనంటే అనుమానం. పక్కింటావిడతో కుక్కరు మాటెత్తితే చాలు, నెట్‌లో కుక్కర్ల ప్రకటనలే వస్తాయంటుంది. కెమెరా మీద బొట్టుబిళ్ళ అంటించి గాని మాట్లాడదు. ఒకదాని తర్వాత ఒకటి బ్రౌజర్లు మార్చి చూసి, చివరికి ప్రకటనలన్నిటినీ ఆపేసేదాన్ని ఉంచుకుంది. ఈమధ్య తన కొట్టుకే నెట్‌లో ప్రకటన ఇచ్చింది. ఎంత వెతికినా అది కనబడకపోయేసరికి, ఆ పని చూసే అస్లాంను పిలిపించింది.

"ప్రకటన వేశానని నాకే అబద్ధాలు చెప్తావా?"

"వేశానక్కా! మీ బ్రౌజరే ఆపేస్తోంది" అంటూ అస్లాం తన ఫోను చూపించాడు. నెమలిపింఛం రంగు చీర, కింద ఆమె కొట్టు పేరు. మాధవీలత ముఖం విప్పారింది. అంతలోనే కళ్ళు చిట్లించింది.

"నాలాగా ఆపేసుకున్నవాళ్ళు ఎంతమంది ఉంటారయ్యా?"

"ఏమో, నాకూ తెలీదక్కా."

అతను చెప్పినవాటిలో, రుజువు చూపించకుండానే ఆమె నమ్మింది ఆ ఒక్క మాటే.