రష్యా కథల పుస్తకంలో స్కూలు ఉత్తరం

మా చిన్నప్పుడు, దేశం కాని దేశంలో, వుడ్‌ల్యాండ్స్‌లో, తొమ్మిదో అంతస్తు ఫ్లాట్‌లో... అమ్మ నేల మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. నేను ఎదురుగా బోర్లా పడుకుని ఇంగ్లీషు పాఠం మీద విసుక్కుంటున్నాను.

రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ మొరాయిస్తాయని లోకమంతా హడలిపోయి, మనవాళ్లను పిలిపించుకున్న రోజులవి. నాన్న అలా వచ్చినవారే. ఆయన వెనకాల అమ్మా, నేనూ. తెనాలి నుంచి తెచ్చుకున్న పెట్టెలో, పచ్చళ్ల జాడీల మధ్య అమ్మది ఒకే ఒక్క పుస్తకం ఉండేది. రష్యా కథలు... తెలుగులో! మాస్కోలోనే అచ్చయింది. మందపాటి కాగితం, అదో రకం జిగురు వాసన. పెళ్లికి ముందు పుస్తకాల వ్యాన్ దగ్గర కొనుక్కుందట.

నాకప్పుడు పద్నాలుగేళ్లు. ఇంట్లో అమ్మంటే ప్రాణం, స్కూల్లో అమ్మంటే నామోషీ. పొట్ట కోస్తే ఇంగ్లీషు ముక్క రాదని నా లెక్క. అందుకే పేరెంట్స్ మీటింగ్‌కి రమ్మని స్కూలు వాళ్లిచ్చిన ఉత్తరం ఇంట్లో చూపించలేదు. ఎవరూ తెరవని చోటు ఏదా అని వెతికి, ఆ రష్యా పుస్తకంలో దాచాను. ఏం తెలివండీ నాది!

"ఏంటే ఆ గొణుగుడు?" అంది అమ్మ.

"ఈ కథలో ఏమీ జరగదమ్మా! లండన్‌లో ఒకావిడ విందుకు తయారవుతుంది. చేతి తొడుగు ఒకటి కనపడదు. వెతుకుతూ వెతుకుతూ కిటికీ దగ్గర ఆగిపోతుంది. అంతే, ఫినిష్! రేపు క్లాసులో దీని గురించి మాట్లాడాలిట. వాట్ టు సే లా?" అన్నాను, స్కూల్లో అంటుకున్న యాసలో.

అమ్మ చెయ్యి ఆగింది. "ఆగిపోయి ఏమనుకుంది? మొదట్నించీ చెప్పు."

వాక్యం వాక్యం తెలుగులో చెప్పాను. అమ్మ అంతా విని, "ఇది రష్యావాళ్ల దగ్గర నేర్చుకుని రాసిందే," అంది.

"అబ్బా, రాసినావిడ ఇంగ్లీషావిడమ్మా!"

"అయితే ఏం? కూర నోట్లో పెట్టుకుంటే తెలీదూ, వంట ఎవరింట్లో నేర్చిందో? ఉండు, చూపిస్తా."

కొంగుకి చేతులు తుడుచుకుని పుస్తకం తీసింది. "వద్దులే అమ్మా" అంటూనే ఉన్నాను... ఉత్తరం జారి చిక్కుడుకాయల్లో పడింది. అమ్మ దాన్ని విప్పి, కూడబలుక్కుంటూ చివరిదాకా చదివింది. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

తిట్టలేదు. ఉత్తరం మడిచి పక్కన పెట్టి, కథ చదివి వినిపించింది. పల్లెటూరి స్టేషన్‌లో ఒకావిడ రైలు కోసం చూస్తుంటుంది. రైలు రాదు. సంచిలోంచి రొట్టె తీసి తింటుంది. అంతే కథ... కానీ ఆ రొట్టె నములుతూ ఆవిడ తలుచుకున్నవన్నీ అమ్మ గొంతులో వింటుంటే నాకు ఏడుపొచ్చేసింది. లండన్ ఆవిడ కిటికీ దగ్గర ఎందుకు ఆగిపోయిందో కూడా అప్పుడే అర్థమైంది.

పుస్తకం మూసి, "శుక్రవారం మీటింగ్‌కి మీ నాన్నని పంపిస్తాలే," అంది అమ్మ. నా ప్రాణం చివుక్కుమంది.

మర్నాడు క్లాసులో అమ్మ మాటే చెప్పాను, కూర సంగతితో సహా. పిల్లలు కిసుక్కుమన్నారు. మా లిటరేచర్ టీచర్ మిసెస్ లిమ్ మాత్రం పుస్తకం కింద పెట్టేసి నావైపే చూశారు. అప్పుడు చెప్పుకొచ్చారు... రష్యా కథలు ఇంగ్లీషులోకి వచ్చిన కొత్తల్లో లండన్ రచయితలకు మతులు పోయాయట. పెద్ద సంఘటన ఏదీ లేకపోయినా, మనసులో కదిలేదే కథ కావచ్చని వాటిల్లో చూశారట. కొందరు పట్టుబట్టి రష్యన్ నేర్చుకున్నారట, అనువాదాల్లో చెయ్యి కలిపారట. రష్యా నాట్యబృందం వస్తే మళ్లీ మళ్లీ వెళ్లి నోళ్లు తెరుచుకుని చూశారట. నేనూ అలాగే నోరు తెరుచుకుని విన్నాను.

అమ్మో! ఆ మంచుదేశం కథలు ఒక దారిన లండన్ మీదుగా నా పాఠంలోకొచ్చాయి. ఇంకో దారిన మాస్కో అచ్చుకూటం నుంచి తెనాలికొచ్చి, మా అమ్మ పెట్టెలో చేరాయి. రెండూ మా ఇంట్లో చిక్కుడుకాయల పళ్లెం దగ్గర కలుసుకున్నాయి!

ఆ కథ రష్యావాళ్ల దగ్గర నేర్చుకున్నదని నీకెవరు చెప్పారని అడిగారు టీచర్.

"మై మదర్!" అన్నాను. ఆ మాట స్కూల్లో అంత గట్టిగా నేనెప్పుడూ అనలేదు.

శుక్రవారం ఆవిడని తీసుకురమ్మన్నారు, పుస్తకంతో సహా. ఇంటికెళ్లి అమ్మ కాళ్లావేళ్లా పడ్డాను.

"అక్కడికొచ్చి ఏం మాట్లాడనే?"

"మాట్లాడొద్దమ్మా, కథ చదివితే చాలు. నాదే తప్పు... నువ్వు రావాలి."

వచ్చింది. ఉతికి ఇస్త్రీ చేసిన నేత చీర, చేతిసంచిలో ఆ పుస్తకం. టీచర్ ఎదురుగా కూర్చుని, మొదట తడబడుతూ, తర్వాత నిలకడగా తెలుగులో చదివింది. మిసెస్ లిమ్‌కి ఒక్క ముక్క అర్థం కాకపోయినా కళ్లు మూసుకుని విన్నారు. తర్వాత ఆవిడ లండన్ కథ ఇంగ్లీషులో చదువుతుంటే, సరిగ్గా ఆ కిటికీ దగ్గరికి రాగానే అమ్మ తలూపింది. ఇద్దరి మధ్యా నేను గుడ్లప్పగించి కూర్చున్నాను.

తిరిగొస్తూ లిఫ్ట్ దగ్గర అడిగింది అమ్మ. "ఉత్తరం దాచడానికి ఇంకో చోటే దొరకలేదుటే?"

"ఎవరూ తెరవరనుకున్నా..."

"మీరు స్కూలుకీ, ఆఫీసుకీ వెళ్లాక రోజూ తెరుస్తానే నేను," అంది.

అమ్మ ఇప్పుడు లేదు. పుస్తకం అదే ఊళ్లో, సెరంగూన్‌ పేటలోని మా ఇంట్లో ఉంది, జిగురు వాసన మాత్రం పోయింది. ఇప్పుడు పిల్లల స్కూలు కబుర్లు ఫోన్‌కే వచ్చేస్తున్నాయి, దాచడానికి ఉత్తరమూ లేదు... మీరు బయటికెళ్లాక మీ అమ్మ రోజూ తెరిచే పుస్తకం ఏదో మీకు తెలుసా? తెలిస్తే కింద రాయండి. తెలియకపోతే... ఇవాళే అడగండి.